విశ్రాంతియా, వ్యాయామమా? – ఒక వేదన చరిత్ర



మేళ్లచెరువు పేరు వినగానే ఆ చుట్టుప్రక్కల వారికి రెండు విషయాలు స్ఫురిస్తవి. ఒకటి, స్వయంభువుగా వెలసినాడని ప్రతీతి గల శంభులింగేశ్వరస్వామి ఆలయం. రెండవది, మహాశివరాత్రి జాతరలో జరిగే ఎడ్ల బండలాగుడు పందేలు. 2016వ సంవత్సరం వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఆ పిమ్మట సూర్యాపేట జిల్లాలో చేరిన ఈ గ్రామానికి ఒక శివరాత్రినాడు జాతర విశేషాలను ధ్వనిముద్రణ చేయడానికి వెళ్ళినాను. పందెపు ఎడ్లను ఏ విధంగా తయారుచేస్తారో ఒక రైతు ఎంతో ఓపికగా వివరించినాడు. మొదటి రోజుననే పెద్ద బండను కట్టరాదట. చిన్న బరువుతో మొదలుపెట్టి, దినదినానికి కొంచెం కొంచెంగా పెంచుకొంటూ పోవాలట. గిట్ట నొచ్చిందేమో, మెడ కమిలిందేమో ప్రతి సాయంకాలం తడిమి చూసుకోవాలట. పశువు తల వాల్చిన నాడు కాడి కట్టనే కూడదట.

ప్రక్కనే కూర్చున్న ఒక వృద్ధురాలు ఈ మాటలన్నీ విని నవ్వింది. "ఎద్దుకు అలుపొస్తే కాడి దించుతరు బిడ్డా. ఆడదాని నడుము మీది కాడి దించేదెవరు?" అన్నది. ఆమె ఎన్నో ఏళ్ళు నాట్లు వేసిన మనిషి. నెలనెలా వచ్చే కడుపునొప్పిని, నడుము పీకుడును పళ్ళ బిగువున భరిస్తూనే మడిలోకి దిగేదానినని చెప్పింది. చివరకు గర్భసంచి తీయించుకొన్నదట. అప్పటికి తన చిన్న కూతురు ఇంకా బడికి పోతున్నదని చెప్పి ఊరుకొన్నది.

ఆమె మాట నాటినుండి నన్ను వెంటాడుతున్నది. బహిష్టు వేదనతో బాధపడే స్త్రీ పడుకొని ఉండాలా, కదిలి పని చేయాలా? ఈ ప్రశ్నకు వైద్యులు, శాస్త్రకారులు, ఇంటి పెద్దలు వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు చెప్పినారు. ఆ సమాధానాల చరిత్రనే ఈనాడు ముచ్చటించదలచినాను. ముఖ్యంగా ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధితో జీవించే స్త్రీలకు వ్యాయామం ఎంతవరకు తోడ్పడుతుందో చూద్దాం.

ముందుగా ఈ వ్యాధి ఏమిటో తెలుసుకొందాం. గర్భాశయం లోపల ఒక మెత్తని పొర ఉంటుంది. నెలనెలా అది పెరిగి, గర్భం నిలువనప్పుడు రక్తంతోపాటు రాలిపోతుంది. ఆ పొరను పోలిన కణజాలం గర్భాశయానికి వెలుపల పెరగడమే ఎండోమెట్రియోసిస్. అది అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి గోడ మీద, ఒక్కొక్కప్పుడు ప్రేగుల మీద, మూత్రాశయం మీద కూడ కనిపిస్తుంది. ఈ కణజాలం ఉన్నచోట తాపం పుడుతుంది, మచ్చలు కడతవి, ఒక అవయవం మరొక అవయవానికి అతుక్కొంటుంది. బహిష్టు సమయంలో తీవ్రమైన నొప్పి, సంసార సమయంలో నొప్పి, మలమూత్ర విసర్జనలో నొప్పి, విపరీతమైన అలసట, కొందరిలో సంతానం కలగకపోవడం దీని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానవయస్సులో ఉన్న స్త్రీలలో, బాలికలలో నూటికి సుమారు 10 మందికి ఈ వ్యాధి ఉన్నది; అనగా ప్రపంచం మొత్తం మీద దాదాపు 19 కోట్ల మంది. దీనిని మూలమట్టంగా పోగొట్టే చికిత్స లేదు. మందులతో, శస్త్రచికిత్సతో లక్షణాలను అదుపులో ఉంచవచ్చును.

ఈ పేరు క్రొత్తదే గాని, నెలసరి శూల క్రొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానంలోని 30వ అధ్యాయం 20 విధాల యోనివ్యాపత్తులను వర్ణిస్తుంది. అందులో 'ఉదావర్తిని' ఒకటి. వాయువు ఎదురు తిరగడం వల్ల రజస్సు కష్టంతో వెలువడుతుందనీ, వెలువడిన వెంటనే స్త్రీకి సుఖం కలుగుతుందనీ అక్కడ చెప్పబడింది. దానికి తైలం, కాపడం, వస్తికర్మ వంటి ఉపచారాలను విధించినారు. ఉదావర్తినీ ఎండోమెట్రియోసిస్సూ ఒకటేనని చెప్పడం తొందరపాటు అవుతుంది. అయినను మన పూర్వులు ఈ వేదనను స్త్రీల గారాబంగా గాక, పేరు పెట్టి చికిత్స చేయదగిన రుగ్మతగా గుర్తించినారన్నది స్పష్టం.

అదే సంహిత సూత్రస్థానంలో వ్యాయామానికి ఒక లక్షణం చెప్పబడింది. శరీరానికి స్థైర్యాన్ని, బలాన్ని పెంచే చేష్టయే వ్యాయామమనీ, దానిని మాత్ర తెలిసి ఆచరించాలనీ దాని సారాంశం. మితిమీరితే అలసట, క్షయం, దప్పిక మొదలైనవి కలుగుతవని కూడ అక్కడనే హెచ్చరిక ఉన్నది. ఈ 'మాత్ర' అన్న మాటను మనస్సులో ఉంచుకొనవలసిందిగా కోరుతున్నాను. మేళ్లచెరువు రైతు తన ఎడ్ల విషయంలో పాటించేది ఈ మాత్రనే.

ఆచారం మాత్రం వేరొక త్రోవ పట్టింది. బహిష్టయిన స్త్రీని మూడు దినాలు దూరముంచడం ఎన్నో ఇళ్ళలో జరిగింది. కొన్ని చోట్ల నేటికీ జరుగుతున్నది. ఆ మూడు దినాలు ఆమెకు విశ్రాంతి దొరికేదని సమర్థించేవారు ఉన్నారు. కలిగిన ఇళ్ళలో అది కొంత నిజమై ఉండవచ్చును. కాని ఆ విశ్రాంతికి కారణం ఆమె నొప్పి కాదు, మైల అన్న భావన. నొప్పి లేనివారూ దూరంగా కూర్చున్నారు. నాలుగవ దినాన నొప్పి తగ్గనివారూ పనిలోకి దిగినారు. ఇక కూలికి పోయే ఇళ్ళలో మూడు దినాల ముచ్చటే లేదు. దేవుని గదిలోకి పోకూడదు గాని, దొరవారి మడిలోకి పోవచ్చును! వంటయింటి గడప తాకకూడదు గాని, గడ్డిమోపు తలకెత్తుకోవచ్చును!

సరిగా ఇటువంటి వైరుధ్యమే సముద్రాల కావల కూడ బయటపడింది. 1873లో అమెరికాలోని బోస్టన్ నగరపు వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్ ఒక పుస్తకం ప్రకటించినాడు. బాలికలు బాలురతో సమంగా చదివితే, ముఖ్యంగా బహిష్టు దినాలలో మెదడుకు శ్రమ ఇస్తే, వారి సంతానశక్తి దెబ్బ తింటుందని ఆయన వాదం. దానికి మేరీ పుట్నం జాకోబీ అనే వైద్యురాలు సమాధానం చెప్పింది. ఆమె వాదప్రతివాదాలతో సరిపెట్టుకొనలేదు. స్త్రీలకు ప్రశ్నపత్రాలు పంపి, 268 మంది నుండి సమాధానాలు సేకరించింది. నాడీగతిని యంత్రంతో కొలిచింది. ఆరోగ్యంగా ఉండి, మంచి పోషణ గల స్త్రీలకు బహిష్టు సమయంలో విశ్రాంతి తప్పనిసరి కాదని తేల్చింది. 1876లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు బాయిల్‌స్టన్ బహుమానం ఆ వ్యాసానికే లభించింది.

జాకోబీ వాక్యంలో 'మంచి పోషణ గల' అన్న మాట చిన్నదిగా కనిపించినా చాల విలువైనది. అర్ధాకలితో పని చేసే స్త్రీకి ఆమె తీర్పు వర్తించదు. క్లార్క్ పుస్తకంలో వలెనే నాటి చర్చ అంతా కళాశాలకు పోగలిగిన కన్యలను గురించి జరిగింది గాని, మిల్లులలోను, పొలాలలోను పని చేసే ఆడవారి అలసటను గురించి కాదు.

ఆ తరువాత కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్లీలియా మోషర్ అనే వైద్యురాలు ఒక అడుగు ముందుకు వేసింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఆమె ఋతుశూలకు ఒక సులభమైన వ్యాయామాన్ని ప్రచారం చేసింది. బిగుతు బట్టలు వదులు చేసుకొని, వెల్లకిల పడుకొని, మోకాళ్ళు మడిచి, శ్వాసతోపాటు పొత్తికడుపును నెమ్మదిగా పైకి లేపి దించడమే ఆ వ్యాయామం. విద్యార్థినులు దానిని ఆమె పేరుతోనే పిలిచేవారు. మన యోగాభ్యాసకులకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

ఇదంతా నొప్పిని గురించిన కథ. నొప్పి వెనుక దాగిన వ్యాధి కథ వేరే సాగింది. 1860లో వియన్నా నగరంలో రోకిటాన్‌స్కీ అనే రోగనిదాన శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించినాడని సాధారణంగా చెబుతారు. 1921లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీకి చెందిన జాన్ శాంప్సన్ అండాశయాలలో నిలువ రక్తంతో నిండిన తిత్తులను వివరించినాడు. బహిష్టు రక్తంలో కొంత వెనుకకు మళ్ళి, నాళాల ద్వారా పొత్తికడుపులోకి చేరి, అక్కడ నాటుకొంటుందని 1927లో ప్రతిపాదించినాడు. ఎండోమెట్రియోసిస్ అన్న పేరు ఆయన పెట్టినదే. ఆయన సిద్ధాంతం అన్ని సందర్భాలకూ సమాధానం చెప్పజాలదు. అయినా నేటికీ అది పరిశోధకుల చర్చలో నిలిచి ఉన్నది.

వ్యాధికి పేరు దొరికినా, ఆ పేరు అందరు స్త్రీలకూ దక్కలేదు. పెండ్లినీ సంతానాన్నీ వాయిదా వేసే చదువుకొన్న సంపన్న స్త్రీలకే ఇది వస్తుందన్న అభిప్రాయం పాశ్చాత్య వైద్యలోకంలో దశాబ్దాల తరబడి చలామణి అయింది. 1976లో చికాగో వైద్యుడు డొనాల్డ్ చాట్‌మన్ ఈ భ్రమను పరీక్షకు పెట్టినాడు. పొత్తికడుపులో అంటువ్యాధి ఉన్నదని ముద్ర వేయబడిన నల్లజాతి స్త్రీలలో అనేకులకు నిజానికి ఉన్నది ఎండోమెట్రియోసిస్ అని ఆయన చూపినాడు. వ్యాధి లేక కాదు, వెతికేవారు లేక అది కనిపించలేదు. చికాగో నుండి మన నల్లగొండ పొలాలకు రావడానికి ఈ ఒక్క వాక్యం చాలును.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలిన పిదప, ఎడమ కాలువ క్రింది హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరి సాగు విస్తరించింది. నాట్లు, కలుపులు ఎక్కువగా ఆడవారి పని. మోకాటి లోతు బురదలో నడుము వంచి, ప్రొద్దుటి నుండి సాయంకాలం దాకా వెనుకకు నడుస్తూ నాటు వేయాలి. చూసేవారికి అది మంచి కసరత్తు వలె కనిపిస్తుంది. "మా ఊరి ఆడవాళ్ళకు వేరే వ్యాయామం ఎందుకు? దినమంతా పనే గదా!" అని అనడం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఇక్కడనే మనం పొరబడుతున్నాము. శ్రమ వేరు, వ్యాయామం వేరు. ఎన్ని ముళ్ళు కట్టాలో, ఎప్పుడు నడుము ఎత్తాలో కూలికి పోయిన స్త్రీ చేతిలో లేదు. ఒకే కండరం మీద గంటల తరబడి భారం పడుతుంది. ఇతర కండరాలకు కదలికే ఉండదు. నొప్పి వచ్చినప్పుడు ఆపడానికి వీలు లేదు, ఆపితే కూలి పోతుంది. చరకుడు చెప్పిన మాత్ర ఇందులో లేదు. తన శరీరం చెప్పే మాట విని, తానే మొదలుపెట్టి, తానే ఆపుకొనగలిగిన కదలికకే వ్యాయామమన్న పేరు తగును. ఆ లెక్కన మన తెలంగాణ స్త్రీలకు తెలిసిన చక్కని వ్యాయామం బతుకమ్మ ఆట. వలయంగా తిరగడం, వంగి లేవడం, చప్పట్లు చరచడం, పాటతోపాటు శ్వాసను నిలుపుకోవడం అందులో ఉన్నవి. అలసినవారు ప్రక్కకు జరిగితే ఎవరూ తప్పు పట్టరు. కాని అది ఏడాదికి తొమ్మిది నాళ్ళ ముచ్చట!

మాత్ర తప్పిన శ్రమకు, వినబడని నొప్పికి ఫలితం ఏమిటో అంకెలు చెబుతున్నవి. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అనగా దేశపు సగటుకు రెండింతలకు మించి. కారణాలలో తరచు వినవచ్చినవి అధిక రక్తస్రావం, నొప్పి. ఈ స్త్రీలందరికీ ఎండోమెట్రియోసిస్ ఉన్నదని ఎవరూ అనజాలరు. ఎందరికి ఏ వ్యాధి ఉన్నదో నిదానంగా వెతికిన తరువాతనే కత్తి పట్టినారా అన్నదే ప్రశ్న. అనవసరమైన గర్భసంచి శస్త్రచికిత్సల విషయంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, కేంద్ర ప్రభుత్వపు మార్గదర్శక సూత్రాలను అన్ని రాష్ట్రాలు మూడు నెలలలోగా అమలులోకి తేవాలని ఆదేశించింది.

మరొక సంగతి. గర్భాశయానికి వెలుపల పెరిగిన కణజాలం అక్కడనే మిగిలిపోతే, గర్భసంచి తీసివేసినా నొప్పి మిగిలిపోవచ్చును. అండాశయాలు కూడ చిన్న వయస్సులోనే తొలగిస్తే ఎముకలు బలహీనపడతవి, గుండెజబ్బుల భయం పెరుగుతుంది. కొందరికి ఆ శస్త్రచికిత్స అవసరమే కావచ్చును. అయితే అది చివరి మెట్టు కావాలి గాని మొదటి మెట్టు కారాదు.

మరి వ్యాయామం ఏమి చేయగలదు? ఇక్కడ ఆశనూ సత్యాన్నీ రెండింటినీ చెప్పవలసి ఉన్నది. వ్యాయామానికి, ఋతుశూలకు గల సంబంధాన్ని గురించిన ప్రయోగాలను 2019లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. వారానికి మూడు పర్యాయాలు, పర్యాయానికి 45 నుండి 60 నిమిషాలు వ్యాయామం చేసినవారిలో నొప్పి గణనీయంగా తగ్గవచ్చునని తేలింది. నూరు గీతల కొలబద్ద మీద అది సుమారు 25 గీతల తగ్గుదల. అయితే సాక్ష్యం బలహీనమైనదని ఆ సమీక్షకులే ఒప్పుకొన్నారు. పైగా అది ప్రధానంగా ఏ వ్యాధీ లేని యువతుల సాధారణ ఋతుశూలకు సంబంధించినది.

ఎండోమెట్రియోసిస్ ఉన్నవారి విషయానికి వస్తే ప్రయోగాలు ఇంకా తక్కువ. బ్రెజిల్ దేశంలోని కంపినాస్‌లో 40 మంది స్త్రీలతో జరిపిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. వారిలో కొందరు వారానికి రెండుసార్లు, 90 నిమిషాల చొప్పున, 8 వారాలపాటు హఠయోగం అభ్యసించినారు. అభ్యసించనివారి కంటె వీరికి దినదిన వేదన తగ్గి, జీవితం కొంత సుఖవంతమైంది. కాని 40 మంది కథ కోట్లమందికి శాసనం కాజాలదు. ఐరోపా సంతాన వైద్యనిపుణుల సంఘం 2022లో వెలువరించిన మార్గదర్శకంలో, ఫలానా వ్యాయామం ఈ వ్యాధి నొప్పిని తగ్గిస్తుందని సిఫారసు చేయడానికి తగినంత ఆధారం లేదని స్పష్టంగా వ్రాసినారు.

ఆధారం చాలదనడం వేరు, ప్రయోజనం లేదనడం వేరు. ఏళ్ళ తరబడి నొప్పిని ఓర్చుకొన్న స్త్రీకి పొత్తికడుపు, నడుము, కటిప్రదేశం లోపలి కండరాలు తెలియకుండానే బిగుసుకొంటవి. ఆ బిగువు నొప్పికి నొప్పిని జోడిస్తుంది. నిదానమైన సాగదీత, లోతైన శ్వాస ఆ బిగువును సడలించగలవు. నడక నిద్రను, మనస్సును బాగుచేస్తుంది. ఈ వ్యాధికి వాడే కొన్ని మందులు ఎముకల సాంద్రతను తగ్గిస్తవి. నడక వంటి, కాళ్ళ మీద బరువు పడే వ్యాయామాలు ఎముకకు బలమిస్తవి. వ్యాయామం వ్యాధిని మాన్పదు; వ్యాధితో బ్రతికే శరీరానికి తోడు నిలుస్తుంది.

కనుక సోదరీమణులు ఈ కొన్ని విషయాలు గుర్తుంచుకొందురు గాక. నొప్పి లేని దినాలలో మొదలుపెట్టండి. తొలుత పది నిమిషాల నడక చాలును. వారానికొకసారి కొంచెం పెంచుకోవచ్చును. వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి, కడుపు మీద చేయి ఉంచి, నెమ్మదిగా శ్వాస తీసి వదలడం ఇంట్లోనే చేయవచ్చును. మార్జాలాసనం, శశాంకాసనం వంటి మృదువైన ఆసనాలను తెలిసినవారి వద్ద నేర్చుకోండి. నొప్పి ముదిరిన దినాన పొట్టను బిగించే కసరత్తులు, బరువులెత్తడం మానండి. చేసిన మరునాడు నొప్పి హెచ్చితే మాత్ర మించిందని అర్థం, తగ్గించుకోండి. శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు వైద్యుల అనుమతి లేనిదే మొదలుపెట్టరాదు.

అన్నిటికన్న ముందు నొప్పిని వైద్యులకు చెప్పండి. బడికో పనికో పోలేనంత నొప్పి, మాత్రలు మ్రింగినా లొంగని నొప్పి, మలమూత్రాలతోపాటు వచ్చే నొప్పి సహజమని సరిపెట్టుకోరాదు. స్కానింగులో ఏమీ కనిపించనంత మాత్రాన ఈ వ్యాధి లేదని తేల్చరాదు. "పెండ్లయితే తగ్గుతుంది, కాన్పయితే పోతుంది" అన్న మాటలు ఓదార్పులే గాని చికిత్సలు కావు.

ఇంటి యజమానులకు, మేస్త్రీలకు కూడ ఒక మనవి. క్లార్క్ స్త్రీని పడుకోబెట్టదలచినాడు. మన పొలం ఆమెను నిలబెట్టే ఉంచింది. ఇద్దరూ ఆమెను అడుగలేదు. శతాబ్దాల చరిత్రలో స్త్రీకి విశ్రాంతి కరువై కాదు, వ్యాయామం కరువై కాదు, ఆ రెండింటిలో తనకు ఏది ఎప్పుడు కావాలో చెప్పుకొనే హక్కు కరువై ఈ వేదన ముదిరింది.

వచ్చే శివరాత్రికి కూడ మేళ్లచెరువులో బండలు కదులుతవి. రైతులు తమ ఎడ్ల మెడలు తడిమి చూసుకొంటారు. ఆ సాయంకాలం ఇంటికి పోయి, నడుము పట్టుకొని కూర్చున్న తల్లినో, భార్యనో, బిడ్డనో "ఎక్కడ నొస్తున్నది?" అని ఒక్క మాట అడిగితే, ఆ వృద్ధురాలి ప్రశ్నకు సమాధానం మొదలైనట్లే.